మూడు చుట్టల విండోస్

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడున్నాడు. చదువు బాగానే చదివాడు, పాపం, చెయ్యే నిలవదు. పోయిన వారం విశాఖపట్నంలోనే ఒక ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది, మందుల చీటీలు రాసే సాఫ్ట్‌వేరు కొత్తది వాళ్ళ మిషన్లో ఎక్కడం లేదని. ఇద్దరం వెళ్ళాం. వాడు కూర్చున్నాడు, సీడీ పెట్టాడు, నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్. ముప్పాతిక దాకా వచ్చి ఆగిపోయింది. తెరమీద ఏదో రాసొస్తే, వెనక నిలబడి నేను చదువుతుండగానే, వాడు చదవకుండా మూసేశాడు. మళ్ళీ నెక్స్ట్, నెక్స్ట్. మూడోసారి కూడా ఆగేసరికి సంచిలోంచి విండోస్ సీడీ తీశాడు.

"ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మణికట్టు పట్టుకుని, "ముందు ఆ కౌంటరు అమ్మాయిని అడుగు" అన్నాను.

"ఏమడగాలి?"

"నిన్నమొన్నటిదాకా బాగుందా అని. బాగుంటే, ఈ మధ్యలో ఎవరొచ్చారని."

కౌంటర్లో అమ్మాయి మొదట నేల చూపులు చూసింది. తర్వాత నెమ్మదిగా, "ఆదివారం మా బావ వచ్చాడండీ. సినిమాలు ఎక్కించాడు" అంది. చూస్తే డిస్కంతా సినిమాలే, సూది మోపే చోటు లేదు. వాటిని తీసేశాం. అయిదు నిమిషాల్లో సాఫ్ట్‌వేరు ఎక్కింది.

దారిలో కుర్రాడు అడిగాడు, "ఏ ఇన్‌స్టిట్యూట్లో నేర్చుకున్నారు మేడమ్?" అని. "కొండమీద" అన్నాను. వాడు నవ్వాడు. "నవ్వకు, నేను నిజమే చెప్తున్నా" అన్నాను. ఆ మాట అంటుంటే నాకెంత గర్వమనిపించిందంటే, ఆఫీసుకి రాగానే కొండమీది మా సెంటరుకి ఫోను కలిపాను. మా అక్కతో చెప్పాలి, నీ ప్రశ్న ఇవాళ పట్నంలో కూడా పనిచేసిందే అని.

ఎత్తింది అక్క కాదు. నాతో కలిసి చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు అక్కడే పాఠాలు చెప్తోంది.

"నీకు తెలీదేటే? అక్క పోయి ఇరవై రోజులయ్యింది. పచ్చకామెర్లు. నీ నంబరుకి ఎన్నిసార్లు చేసినామో, కలిస్తేనా."

ఎలా కలుస్తుంది? ఏదో స్కీము బాగుందని సిమ్ము మార్చేశాను, కొండమీద ఒక్కళ్ళకీ చెప్పలేదు. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలనిపించింది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా మండలంలో గిరిజన పిల్లలకని పెట్టిన కంప్యూటర్ సెంటరులో మాకు నేర్పిన మనిషి. నలభై ఏళ్ళుంటాయేమో అప్పటికి. పొట్టి మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు, నడుమ బులాకీ. కట్టెల మోపు మోసీ మోసీ ఒక భుజం కాస్త దిగి ఉండేది. టైపు హయ్యరు పాసైంది, కింద మైదానంలో మూడు నెలలు ట్రైనింగు అయ్యింది. అంతకుమించి ఆవిడ సంగతులు నాకు తెలీవు. మేము అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

తెలిసింది ఒక్కటే, వాళ్ళ నాన్న దిసారి. మా కొండల్లో విత్తులు ఎప్పుడు చల్లాలో, పెళ్ళి ఎప్పుడు పెట్టుకోవాలో రోజు చూసి చెప్పేవాడు దిసారి. జబ్బు చేసినా ఆయన దగ్గరకే పోతారు. ఆయన నాడి పట్టే ముందు వరస పెట్టి అడుగుతాడు. ఏ వారం మొదలైంది? అంతకుముందు రోజు బాగున్నావా? ఈ మధ్యలో ఏ వాగు, ఏ గెడ్డ దాటావు, ఎవరింట తిన్నావు, ఇంటికి ఎవరొచ్చారు? అన్నీ విన్నాకే మందు. ఆ లెక్కలన్నీ ఆయన కొడుక్కి నేర్పాడు.

"ఆడదానికి సెప్పరు గదా" అనేది అక్క. "గుమ్మం అవతల తిరగట్లో సోళ్ళు ఇసురుతూ ఇన్నాను. ఆడు మరిసిపోనాడు. నాకు గుర్తుంది."

అవే ప్రశ్నలు ఆవిడ కంప్యూటర్లకి వేసేది. మిషను మొరాయించిందంటే, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, మిషన్ని కాదు, మమ్మల్ని చూసేది. "నిన్న బాగుందా? నేడు బాగోనేదా? ఈ మజ్జిన ఎవలొచ్చారు?" సగం జబ్బులు అక్కడే తేలిపోయేవి. ఒకతి ఆటల సీడీ తెచ్చి ఎక్కించి ఉంటుంది. ఇంకొకతి పనికిరావనుకుని ఏవో ఫైళ్ళు తుడిచేసి ఉంటుంది. ఒప్పుకున్నదాన్ని ఒక్క మాట అనేది కాదు. దాచినదాన్ని మాత్రం ఉతికి ఆరేసేది.

ఆవిడ దగ్గర "ఏదో" అన్న మాట చెల్లదు. "అక్కా, ఏదో ఎర్రర్ వొచ్చింది" అన్నామా, అయిపోయాం.

"ఏదో కాదు. ఏటి రాసిందో సదువు."

"ఇంగ్లీషక్కా."

"సదవడం రాపోతే బొమ్మేసినట్టు ఎయ్యి. ముగ్గులెయ్యవా నువ్వు? అలగే ఎయ్యి."

దానికో పొడుగాటి పుస్తకం ఉండేది, అట్ట మీద పసుపురంగు గుడ్డ కుట్టినది. ప్రతి పేజీకీ మూడు గళ్ళు. మొదటి గడిలో మిషను ఏం రాసిందో అక్షరం పొల్లు పోకుండా రాయాలి. రెండో గడిలో దానికి ముందు ఏం చేశామో. మూడో గడిలో ఏం చేస్తే బాగయ్యిందో. పైన తారీకు. పేరు మాత్రం ఎవ్వరూ రాయకూడదు. నేనొకసారి, నా అంతట నేనే ఒక ప్రింటరు బాగుచేసిన సంబరంలో, కింద నా పేరు రాసుకున్నాను. అక్క బ్లేడు పెట్టి గీకేసింది.

"పేరెందుకే గుంటా? పేరు రాస్తే అది నీదైపోద్ది. తారీకు ఎయ్యి. ఎప్పుడొచ్చిందో తెలిస్తే ఎనకాల వొచ్చినోలకి పనికొస్తాది."

నేను రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాను. ఆవిడ పట్టించుకోలేదు.

ఇంకో అలవాటు చెప్తే మా ఆఫీసు కుర్రాడు మళ్ళీ నవ్వుతాడు. ఆవిడ చుట్ట కాల్చేది, అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం మా వైపు ఆడవాళ్ళకి మామూలే. గదిలో మాత్రం ఎప్పుడూ కాల్చలేదు, మిషన్లకి పొగ పడదని. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు తెరమీద నీలంగీత నిండడం మొదలవగానే లేచి బయట మెట్టుమీద కూర్చునేది. "దగ్గర కూకుంటే సెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి నొక్కీద్ది" అనేది. అలా సాఫ్ట్‌వేర్లన్నిటికీ చుట్టల లెక్క కట్టేసింది. తెలుగు టైపు అర చుట్ట. ఆఫీసు పనులది చుట్టన్నర. విండోస్ మూడు చుట్టలు. మేమూ అదే అలవాటు చేసుకున్నాం, మాలో ఒక్కత్తీ చుట్ట ముట్టకపోయినా. సంతకి వెళ్తూ "ఎంతసేపే?" అని ఎవరైనా అడిగితే "రెండు చుట్టలు" అనేవాళ్ళం.

వానాకాలం మా కొండమీద గోడలకే బూజు పడుతుంది, సీడీలొక లెక్కా? బీరువాలో అరవై క్యాండిల్ బల్బు వేలాడదీసి, దాని వెచ్చదనంలో సీడీలు పెట్టేది. బూజు పట్టినదాన్ని పాత నేతచీర కొంగుతో నడుమ నుంచి అంచుకి తుడిచేది, గుండ్రంగా తుడవనిచ్చేది కాదు. ఫైలు కాపీ కావడం లేదని మిషను ఏడిస్తే ముందు చీర కొంగు, తర్వాతే మిగతా వైద్యం. ఎదురుగా కొట్టు పెట్టుకున్న మైదానం షావుకారు అది చూసి, "అంబలి తాగేవాళ్ళకి కంప్యూటర్లేమిటో, వాటికి చీరలు కట్టడమేమిటో" అని గట్టిగానే అనేవాడు. నేను చెప్పు తీద్దామనుకునేదాన్ని. అక్క మాత్రం "ఒగ్గీ, ఆడి కొట్లో బెల్లం మంచిది" అనేది.

అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. కొత్త సీడీ ఏదొచ్చినా ముందు పాత మిషనుకే పెట్టాలి. సెంటర్లో పది మిషన్లు. తొమ్మిది కొత్తవి, ఒకటి ఎక్కణ్ణించో వచ్చిన పాతది, పసుపు తిరిగిపోయింది. అందులో ఎక్కి, బాగా నడిచిందని చూశాకే మిగతా తొమ్మిదీ. మైదానం వాళ్ళకైతే ఇది చెప్పాల్సొచ్చేదేమో, మాకు అక్కర్లేకపోయింది. మా ఊళ్ళల్లో కొత్త పెట్టనిదే, అంటే దేవతకి ముందు పెట్టనిదే, కొత్త సామలు గాని, చిక్కుళ్ళు గాని, ఆఖరికి చెట్టుకింద రాలిన మామిడికాయ గాని నోట పెట్టరు. చిన్నప్పుడు నేనొకసారి పెడితే మా అమ్మ వీపు చిట్లగొట్టింది. అందుకే మేం పాత మిషన్ని దేవత మిషను అనేవాళ్ళం. అక్క నవ్వేది కాదు, వద్దనేదీ కాదు.

ఆ నియమం తప్పింది ఎవరో కాదు, నేనే.

అప్పటికి సెంటరు పెట్టి ఏడాది. మా పదిమంది ఆడపిల్లలమే మొదటి బ్యాచి. సెంటరు పెట్టించిన ఆఫీసరుగారు మొదటే చెప్పేశారు: ఏడాది చూస్తాం, పరీక్షలో సగం మంది గట్టెక్కకపోతే మిషన్లు మైదానానికి దించేస్తాం, అక్కడ అడిగేవాళ్ళు బోలెడుమంది. పరీక్ష కూడా మిషన్ల మీదే. దానికి వేరే సాఫ్ట్‌వేరు, పరీక్ష పెట్టే వాళ్ళు సీడీ పంపుతారు. ఆ సీడీ ఎక్కకపోతే పరీక్షే లేదు, పరీక్ష లేకపోతే సెంటరే లేదు. నాకైతే ఇంటరు తప్పాక మిగిలిన దారి అదొక్కటే. మా నాన్న "ఒక్క ఏడాదే పంపుతా" అన్నాడు.

వేసవి సెలవులకి రెండు నెలలు మెయిన్ దించేసి, గది తాళం వేశారు. పరీక్షకి ఒక రోజు ముందు తెరిచారు. ఆ పొద్దున్న అక్క, తమ ఊళ్ళో విత్తులు చల్లుతున్నారని, మధ్యాహ్నం జీపుకి వస్తానని కబురు పెట్టింది. ఈలోగా మొదటి బస్సుకే పరీక్ష వాళ్ళ ఇంజనీరు దిగిపోయాడు. కుర్రవాడే, ఘాటు రోడ్డు మలుపుల్లో నాలుగుసార్లు వాంతులు చేసుకుని, ముఖం పాలిపోయి ఉన్నాడు. బూట్లు, మెడలో కార్డు. ఆ కార్డు చూసి నేను పొంగిపోయాను.

"సాయంత్రం బస్సుకి నేను దిగిపోవాలి. మిషన్లు ఆన్ చెయ్యమ్మా" అన్నాడు.

నేను టకటకా పదీ ఆన్ చేశాను. కొత్తవి తొమ్మిదింటిలోనూ నల్ల తెరమీద తెల్లక్షరాలు ఏవో వచ్చాయి. కింద ఎఫ్ వన్ నొక్కమని ఉంది. ఇంజనీరు ముందు నేనెంత చురుకైనదాన్నో చూపించుకోవాలి గదా? వరసగా తొమ్మిదింటికీ ఎఫ్ వన్ నొక్కేశాను. ఆయన అప్పుడు కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు.

"ఏ మిషనుకి ముందు పెట్టమంటావ్?" అన్నాడు వచ్చి. దేవత మిషను అని నోటిదాకా వచ్చింది. ఆయన నవ్వుతాడని సిగ్గేసి, "కొత్తవాటికే పెట్టండి సార్" అన్నాను.

మొదటి దాంట్లో గీత సగం దాకా వచ్చి, "సెటప్ కెనాట్ కంటిన్యూ" అంది. అంతే, ఎందుకో ఏమిటో చెప్పదు. రెండోది అంతే. తొమ్మిదీ అంతే. ఇంజనీరు నుదురు తుడుచుకుని, "వైరసమ్మా. ఫార్మాట్ చెయ్యాలి" అని నా మిషన్ని చెరిపేశాడు. ఏడాదిపాటు నేను టైపు చేసుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి, పోయాయి. కొత్తగా విండోస్ ఎక్కించాడు. మధ్యలో అది ఏవేవో అడుగుతుంది, ఆయన నెక్స్ట్, నెక్స్ట్ అంటూ పోయాడు. రెండు గంటలు పట్టింది. పరీక్ష సీడీ పెట్టాడు. సెటప్ కెనాట్ కంటిన్యూ.

మిషన్లు లారీ ఎక్కి ఘాటు దిగిపోతున్నట్టే అనిపించింది. మిగతా ఆడపిల్లలు ఏడుపు మొదలెట్టారు. ఇంజనీరు రెండో మిషను దగ్గరకి జరిగి విండోస్ సీడీ చేతిలోకి తీసుకునేసరికి, గుమ్మంలో అక్క. కాళ్ళనిండా దుక్కి మట్టి.

ఆయన తలెత్తి, "అమ్మా, ఇన్‌స్ట్రక్టరు గారుంటే కాస్త పిలుస్తారా?" అన్నాడు.

"ఆవిడ నానే బావూ. ఏటైనా తిన్నావా?"

ఆయన తెల్లబోయాడు. తినలేదు. అక్క ముందు ఒక పిల్లని పంపించి టీ, బిస్కట్లు తెప్పించింది. ఆయన తింటూ ఉంటే, కాళ్ళు కడుక్కొచ్చి, నేలమీద కూర్చుని, పసుపు అట్ట పుస్తకం తెరిచి, "సెటప్ కెనాట్ కంటిన్యూ" అని చూసి రాసుకుంది. తర్వాత పరీక్ష సీడీ తీసి దేవత మిషనులో పెట్టింది. గీత నిండడం మొదలైంది. ఆవిడ బయటికెళ్ళి చుట్ట ముట్టించింది. ముప్పావు చుట్టకి పరీక్ష సాఫ్ట్‌వేరు ఎక్కి కూర్చుంది.

ఇంజనీరు బిస్కట్ చేతిలోనే ఉండిపోయింది.

"సీడీ మంచిదే" అంది అక్క లోపలికొచ్చి. "ఇప్పుడు సెప్పండి. సెలవులకి ముందు అన్నీ బాగున్నాయి. నేడు తొమ్మిదీ బాగోనేవు. మజ్జిన ఎవలూ రానేదు, తాళమేసుంది. అయితే పొద్దున్న మిషన్లు ఎవలు ఏసినారు?"

"నేనక్కా" అన్నాను.

"ఏసినప్పుడు ఏటి రాసింది?"

ఏదో రాసింది. ఆ "ఏదో" అన్న మాట ఆవిడ ముందు అనలేక, అనకుండా ఉండలేక, "చదవలేదక్కా. ఎఫ్ వన్ నొక్కేశాను. తొమ్మిదింటికీ" అని భోరుమన్నాను. "ముందు దేవత మిషనుకి పెట్టమని కూడా చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, ఒప్పుకున్నాను గదా. "ఏడుపు తరవాత. ఒక మిషను కట్టీసి, పిలగ్గు పీకి మళ్ళీ పెట్టి, ఎయ్యి" అంది. వేశాను. నల్ల తెర. తెల్లక్షరాలు.

"సదువు."

"సి, ఎం, ఓ, ఎస్..." ఒక్కో అక్షరం చెప్తుంటే ఆవిడ పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పుతోంది. పోయిన వానాకాలం దగ్గర ఆగి, పుస్తకం ఎత్తి తెర పక్కన పెట్టింది. ఎవరో ఇంగ్లీషు రాని పిల్ల ముగ్గేసినట్టు వేసిన అక్షరాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కానీ అవే. పొల్లు తేడా లేదు. పక్క గడిలో: పాత మిషను రోజూ తారీకు మర్చిపోతోంది. మూడో గడిలో: లోపల గుండ్రటి సెల్లు మార్చినాం, సంతలో వాచీల కొట్టులో దొరికింది.

ఇంజనీరు నెత్తిన చెయ్యి పెట్టుకుని, "అయ్యో! బ్యాటరీలు! రెండు నెలలు కరెంటు లేక, లోపల గడియారం నడిపే సెల్లులన్నీ అయిపోయాయి" అన్నాడు.

అక్క, పొద్దున్నించీ నడుస్తున్న పక్క మిషను తెర కింద మూల గడియారం చూపించింది. గోడ గడియారంలో మధ్యాహ్నం రెండు. మిషనులో తెల్లవారుజాము నాలుగు. మౌసు దానిమీద పెట్టింది. ఎప్పటిదో ఒక పాత ఏడాది జనవరి ఒకటో తారీకు. పరీక్ష సాఫ్ట్‌వేరేమో, ఇంజనీరే చెప్పాడు, ఆ పరీక్ష నెలలో మాత్రమే పనిచేసేలా కట్టినది.

"నెలకి పెళ్ళనగా ఈ రోజే ఎల్లి పంక్తిలో కూకుంటే ఎవలు వడ్డిస్తారు బావూ?" అంది అక్క. "దానికింకా రోజు రానేదు. అంతే."

ఆ కుర్రవాడు మంచివాడు, నేను చెప్పకపోతే పాపం. లేచి నిలబడి, "మీ పుస్తకంలో ఆ పేజీ నేను రాసుకోవచ్చా మేడమ్?" అని అడిగాడు. కూర్చుని మూడు గళ్ళూ రాసుకున్నాడు. తొమ్మిదింటికీ తారీకులు సరిచేశాం, తొమ్మిదింటిలోనూ సాఫ్ట్‌వేరు ఎక్కింది. ఆయన సాయంత్రం బస్సుకి దిగిపోయాడు.

అయితే అది సగం పనే. కరెంటు పోతే మిషను మళ్ళీ అంతా మర్చిపోతుంది. మా కొండమీద కరెంటు పోని రోజుంటే ఆ రోజు పండగ చేసుకోవాలి. సంతరోజు కాదు కాబట్టి వాచీల కొట్టువాడు లేడు, అక్క వాడింటికి పోయి వెతికిస్తే రెండే సెల్లులు దొరికాయి. ఆ రెండూ బాగా కంగారుపడే ఇద్దరు పిల్లల మిషన్లకి వేసింది. నాకు వెయ్యలేదు. నా మిషను చెరిగిపోయింది, నాకు వెయ్యొచ్చు గదా అని కడుపులో అనుకున్నాను. మిగిలినవాళ్ళం ఒక్కొక్కళ్ళం అయిదేసిసార్లు ప్లగ్గు పీకడం, పెట్టడం, చదవడం, ఎఫ్ వన్, తారీకు, టైము. అయిదోసారికి చేతులే చేసుకుపోయాయి.

మర్నాడు ఆఫీసరుగారు జీపులో వచ్చారు. పరీక్ష గదిలోకి నేర్పినవాళ్ళు రాకూడదు. అక్క బయట మెట్టుమీద కూర్చుంది. కిటికీలోంచి నాకు ఆవిడ దిగిన భుజం కనిపిస్తోంది. గంటసేపు అంతా సవ్యంగా నడిచింది. తర్వాత ఫ్యాను ఆగింది. పది తెరలూ నల్లబడ్డాయి.

ఆఫీసరుగారు "అయిపోయిందా?" అన్నారు. బయట అక్క లేవలేదు, కిటికీ వైపు తిరిగి చూడనైనా లేదు. పావుగంటకి కరెంటొచ్చింది. ఏడింటిలో నల్ల తెరలు, తెల్లక్షరాలు.

ఒక్కత్తీ పక్కకి చూడలేదు. చదివాం. ఎఫ్ వన్. మూల గడియారం తెరిచి తారీకు, టైము. పరీక్ష సాఫ్ట్‌వేరు తెరిస్తే, ఎక్కడ ఆగామో ఆ ప్రశ్న దగ్గరే మా కోసం కూర్చుని ఉంది. ఆఫీసరుగారు ఒక్కో మిషను వెనకాలా నిలబడి చూశారు. నా వెనక నిలబడినప్పుడు, "ఇది మీకెవరు నేర్పారు?" అని అడిగారు. పరీక్షలో మాట్లాడకూడదు గదా, కిటికీ వైపు వేలు చూపించాను. ఆ ఒక్క క్షణం కోసం ఇంకో ఏడాది అంబలి తాగి ఉండమన్నా ఉంటాను.

బయటికొచ్చేసరికి అక్క నోట్లో చుట్ట అలాగే ఉంది, ముట్టించనేలేదు. "మజ్జిన కరెంటు పోనాదేటి?" అంది, ఏమీ ఎరగనట్టు.

పదిమందిలో తొమ్మిదిమందిమి పాసయ్యాం. పదో అమ్మాయి మరుసటి బ్యాచిలో పాసయ్యింది. ఇప్పుడు ఫోనెత్తిందీ, ఆ సెంటరు నడుపుతోందీ ఆ అమ్మాయే. మిషన్లు ఘాటు దిగలేదు. రిపోర్టులో మాత్రం "ఇంజనీరు సకాలంలో లోపం సరిచేసిరి" అని రాశారు. నేను ఆఫీసుకి వెళ్ళి గొడవ పెట్టుకుంటానని లేచాను. "మిషన్లు ఉన్నాయా నేదా?" అంది అక్క. "ఉన్నాయి" అన్నాను. "అయితే కూకో" అంది. కూర్చున్నాను గాని, నా మంట ఇప్పటికీ చల్లారలేదు.

ఫోను పెట్టేసిన మర్నాడే కొండెక్కాను. దినాలు అయిపోయాయి. అక్క వాళ్ళ అన్న నన్ను చూసి కళ్ళు తుడుచుకుని, నీళ్ళిచ్చాడు. అక్కణ్ణించి సెంటరుకి వెళ్ళాను. అన్నీ కొత్త మిషన్లు, సన్న తెరలు. మూలన మాత్రం దేవత మిషను ఉంది, మీద గుడ్డ కప్పి.

"ఇంకా తీసెయ్యలేదేం?" అన్నాను.

"తీస్తే అక్క ఊరుకుంటాదేటి?" అంది మా పదో అమ్మాయి. "మంచం పట్టే ముందు కర్రూతుకుంటూ వొచ్చి సెల్లు మార్పించింది. నాను మారుస్తుంటే పక్కన నిలబడి చూసింది."

ఆన్ చేశాను. పైకి రావడానికి అరచుట్ట సేపు పట్టింది. మూల మీద మౌసు పెట్టాను. తారీకు, టైము, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడేడ్చాను.

పసుపు అట్ట పుస్తకం బీరువాలోనే, బల్బు కిందే ఉంది. నాలుగోదట అది. చివరి పేజీ తీసి మొదటి గడిలో ఆసుపత్రి మిషను ఏం రాసిందో గుర్తు తెచ్చుకుని అక్షరం అక్షరం రాశాను. రెండో గడిలో, ఆదివారం కౌంటరమ్మాయి బావ వచ్చి సినిమాలు ఎక్కించినాడు. మూడో గడిలో, అవి తీసేస్తే బాగయ్యింది. పైన తారీకు వేశాను. పేరు రాయలేదు.